రెండో ప్రూఫ్

పందొమ్మిదేళ్లుగా కాత్యాయని ఒక్క వాక్యానికి కాపలా కాస్తూ వచ్చింది. ఒక ప్రశ్నకు ఒకటే జవాబు. ఆమె రూపొందించిన ప్రోగ్రామింగ్ భాష 'సమ' మొత్తం ఆ వాక్యం మీదే నిలబడి ఉంది.

విశాఖపట్నంలోని ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్లకు ఆమె దాన్ని ఉప్పుడబ్బాతో చెప్పేది.

"వంట చేస్తూ డబ్బా మూత తీసి, ఉప్పుందో లేదో చూశావు. పోపు పెట్టాక మళ్ళీ మూత తీశావు. మధ్యలో ఎవరూ డబ్బా ముట్టుకోలేదు. రెండోసారి చూడటం దేనికి?"

"దేనికీ కాదు మేడమ్."

"అయితే కొట్టెయ్. వంట మారదు."

మారదన్న హామీ ఉన్నచోటే మార్చే స్వేచ్ఛ ఉంటుందని ఆమె నమ్మకం. పాత భాషల్లో రాసిన ప్రోగ్రాములో ఒక పంక్తిని కదిపితే ఎక్కడో మరో పంక్తి కూలేది. ఎవరో ఎప్పుడో మార్చిన విలువ ఏ మూలనో దాక్కుని ఉండేది. సమలో దాక్కునే మూలలు లేవు. అందుకే సమలో రాసిన ప్రోగ్రామును 'రూపాంతరి' అనే సాధనానికి అప్పగిస్తే, అది దాన్ని మడిచి, కుదించి, వరస మార్చి, ఏ చిప్పులోకి కావాలంటే ఆ చిప్పులోకి ఒదిగేలా మలిచేది. మనిషి చెయ్యి పడే అవసరమే ఉండేది కాదు.

"నీ ప్రోగ్రాములకు చావు లేదన్నమాట, పునర్జన్మలే" అనేవాడు ఆమె భర్త సదాశివం, మాట పడిపోకముందు.

సదాశివం డాబాగార్డెన్స్‌లోని ఒక ముద్రణాలయంలో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాడు. ఐదేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. మాట లోపల తయారయ్యేది కాని నోటిదాకా వచ్చేది కాదు. అలాంటివాళ్ల కోసమే ప్రయోగశాల ఒక పరికరం చేసింది. మెడకు అంటించుకునే చిన్న బిళ్ళ. నాలుకకూ గొంతుకూ నరాలు పంపే సంకేతాలను చదివి, ఆ మనిషి పాత గొంతుతోనే పలికేది. వాడేవాళ్లు దాన్ని మాటబిళ్ళ అనేవారు. నలభై ఒక్కమంది ఉన్నారు. సదాశివం వారిలో మొదటివాడు.

అది నెమ్మదిగా పనిచేసేది. ముందు పసుపుపచ్చ దీపం వెలిగేది. రెండు సెకన్ల తరవాత ఆకుపచ్చ దీపం, దానితో మాట. యంత్రాల ఆలస్యాన్ని సెకనులో వెయ్యో వంతుల్లో కొలిచే కాత్యాయనికి ఇంట్లో ఆ రెండు సెకన్లు భరించడం కష్టంగా ఉండేది. "అన్నం పెట్టనా?" అని అడిగి, పసుపు దీపం వంక చూస్తూ గరిట పట్టుకుని నిలబడేది. ఆ ప్రోగ్రాము ఆమెది కాదు. పైడిరాజు అనే ఇంజనీరు పాత భాషలో రాసి, తరవాత ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. తను రాసి ఉంటే ఇలా ఉండేది కాదని ఆమెకు అనిపించేది. ఆ మాట పైకి అన్న రోజులూ ఉన్నాయి.

పాత చిప్పు తయారీ ఆగిపోయింది. వాడుకలో ఉన్నవి ఏడాదిన్నరకు మించి పనిచెయ్యవు. ప్రోగ్రామును కొత్త చిప్పులోకి మార్చకపోతే నలభై ఒక్కమందీ మళ్ళీ మూగవాళ్లవుతారు. కాత్యాయని సహాయకురాలు ఫర్జానా ఐదు నెలలు కూర్చుని ఆ ప్రోగ్రామును పంక్తి తరవాత పంక్తిగా సమలోకి తిప్పింది. రూపాంతరి దాన్ని పదకొండు వేల పంక్తుల నుంచి మూడు వేలకు కుదించింది. దాచి ఉంచిన పాత సంకేతాల రికార్డులను రెండింటికీ వినిపించి చూశారు. పాతది ఏం పలికిందో కొత్తదీ అదే పలికింది, ఒక్క అక్షరం తేడా లేకుండా. పైగా ఆలస్యం పోయింది.

మార్చి నెలలో ఒక ఉదయం కొత్త బిళ్ళను సదాశివం మెడకు అంటించారు.

"ఫ్యాను చప్పుడు చేస్తోంది" అన్నాడు సదాశివం. దీపం వెలగడం, మాట రావడం ఒకేసారి జరిగాయి.

ఫర్జానా చప్పట్లు కొట్టింది. "ఇంకేదైనా చెప్పండి సార్!"

"నీ పెళ్లి బిర్యానీ ఉడకలేదమ్మాయ్."

"అయ్యో సార్! రెండేళ్ల నుంచి దాచుకున్నారా ఈ మాట? రెండుసార్లు వడ్డించుకున్నారు కూడా!"

గదిలో అందరూ నవ్వారు. కాత్యాయని కూడా నవ్వింది, చాలాకాలం తరవాత. సదాశివం నవ్వడం లేదని ఆమె కొంచెం ఆలస్యంగా గమనించింది. అతను ఎడంచెయ్యి ఎత్తి బిళ్ళ మీద పెట్టుకున్నాడు, ఎవరి నోరో మూస్తున్నట్టు.

ఏప్రిల్ మొదటివారానికి మిగిలిన నలభైమందికీ కొత్త బిళ్ళలు వెళ్లాయి. శరీరానికి అమర్చే పరికరాలన్నిటికీ సమనే ప్రామాణిక భాషగా తీసుకోవాలని ఢిల్లీలోని కమిటీ ఒకటి ఆలోచిస్తోంది. మాటబిళ్ళ దానికి నిదర్శనం. కాత్యాయని నివేదిక రాస్తూ సాయంత్రాలు ప్రయోగశాలలోనే ఉండిపోయేది.

ఇంట్లో ఒక మార్పు వచ్చింది. ఆమె తలుపు తీసేసరికి సదాశివం బిళ్ళను మెడ నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టేవాడు. అడిగితే, చెమటకు దురద అని కాగితం మీద ఎడంచేత్తో రాసి చూపించాడు. ఎండాకాలం, నిజమే కావచ్చు.

ఒక ఆదివారం ఉదయం ఆమె అతనికి చొక్కా తొడిగి గుండీలు పెడుతోంది. మూడో గుండీ దారం వదులై వేలాడుతోంది. బిళ్ళను ఆమే మెడకు అంటించింది.

"పొద్దున మందు వేసుకున్నారా?"

"వేసుకున్నాను. ఆ రోజు నువ్వు సంతకం పెట్టకుండా ఉండాల్సింది."

ఆమె వేళ్లు మూడో గుండీ దగ్గర ఆగిపోయాయి. ఏ సంతకమో అడగనక్కర్లేదు. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలవవచ్చు, మనిషి మాత్రం మునుపటిలా ఉండడని డాక్టరు చెప్పిన రోజు, ఆసుపత్రి వరండాలో నిలబడి ఆమె పెట్టిన సంతకం.

సదాశివం కళ్లు పెద్దవయ్యాయి. బిళ్ళ మాత్రం ఆగలేదు. "కాదు. నిజమే. కాదు. అనకూడదు. ఒక్కోసారి నిజమే. కాత్యాయనీ, దీన్ని తియ్యి. తియ్యి. తియ్యి."

ఆమె తీసింది. తీసి చేతిలోనే పట్టుకుని మంచం అంచున కూర్చుంది. తల మీద ఫ్యాను చప్పుడు చేస్తూనే ఉంది.

మంగళవారం ప్రయోగశాలకు అప్పలనరసమ్మ వచ్చింది. చేపలరేవులో మరపడవల ఇంజన్లు బాగుచేసే ఎర్రయ్య భార్య ఆమె. నలభై ఒక్కమందిలో ఎర్రయ్య ఒకడు. గుడ్డలో చుట్టిన మాటబిళ్ళను బల్ల మీద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇది మాకొద్దమ్మా. ఆ పాతదే ఇచ్చీయండి."

"ఏమైంది? సరిగ్గా పలకడం లేదా?"

"పలక్కపోడమేటి, అదే గదా నా గోల! ఇదివరకు మా ఆయన కడుపులో పది మాటలుంటే రెండు బయటికొచ్చీవి. ఇప్పుడు పదీ వొచ్చెస్తన్నాయి. మా కోడలు పులుసొండితే ఎదరే 'కుడితి' అనీసినాడు. అది మూట గట్టుకోని కన్నోరింటికెళిపోనాది."

ఫర్జానా నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

"నవ్వుకో తల్లీ, నానూ నవ్వినాను ముందు. నన్నేటన్నాడో సెప్పను. సెప్తే నువ్వు నవ్వవు." అప్పలనరసమ్మ పమిటకొంగుతో మొహం తుడుచుకుంది. "నలభై ఏళ్ల కాపరంలో ఆడు అనుకోనేదని కాదు. అనుకునే ఉంటాడు. నానూ ఆడిని లచ్చ అనుకున్నాను. మింగీసినాం. మనిసికి మింగడం కూడా రావాల గదమ్మా. ఈ బిళ్ళ ఆడికి నోరిచ్చింది గాని పెదాలివ్వనేదు."

ఆమె వెళ్లిపోయాక ఫర్జానా అంది, "ఇంకో ఆరుగురు కూడా వాడటం మానేశారు మేడమ్. అలవాటు పడతారని చెప్పాను." మళ్ళీ తనే అడిగింది. "పరీక్షల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా?"

కాత్యాయని బీరువాలోంచి పైడిరాజు రాసిన పాత ప్రోగ్రాము ప్రింటవుటు తీసింది. పదకొండు వేల పంక్తులు. ఆ నాలుగేళ్లలో ఆమె దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. చదివే అవసరం లేకుండా చేయడమే కదా తన భాష ఉద్దేశం.

సాయంత్రానికి ఆ చోటు దొరికింది. పాత ప్రోగ్రాము నరాన్ని అడుగుతుంది: ఏమిటి నీ మాట? జవాబు రాగానే పసుపు దీపం వెలిగిస్తుంది. రెండు సెకన్లు ఏమీ చెయ్యదు. తరవాత మళ్ళీ అదే అడుగుతుంది: ఏమిటి నీ మాట? రెండు జవాబులూ కలిస్తేనే ఆకుపచ్చ దీపం. కలవకపోతే మాటను పారేసి మౌనంగా ఉంటుంది.

ఒకే ప్రశ్న రెండుసార్లు. రూపాంతరి రెండోదాన్ని కొట్టేసింది. తను నేర్పినట్టే చేసింది. రికార్డులతో చేసిన పరీక్షల్లో అది బయటపడలేదు. రికార్డు మనసు మార్చుకోదు.

రెండో ప్రశ్న పక్కన పైడిరాజు, చదివే మనిషి కోసం, చిన్న వ్యాఖ్య రాసి ఉంచాడు. 'రెండో ప్రూఫ్. సార్ అడిగారు.'

పైడిరాజు ఇప్పుడు శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ లెక్చరరు. ఫోను ఎత్తగానే గుర్తుపట్టాడు.

"సార్‌కి బిళ్ళ పెట్టిన మొదటి వారం మేడమ్, ఇంకా ఇంటికి ఇవ్వకముందు. అప్పుడు అది వెంటనే పలికేసేది. ఆయన కాగితం మీద రాసి చూపించారు. 'ఒకసారి చదివింది అచ్చుకు పోకూడదు. మొదటి ప్రూఫ్ తప్పుల కోసం, రెండో ప్రూఫ్ మనసు కోసం.' నాకు సగమే అర్థమయింది. రెండుసార్లు అడిగేలా పెట్టాను. ఆయన ఏడ్చారు మేడమ్. బాగుందని అందరికీ అలాగే ఉంచేశాను."

"నాకెందుకు చెప్పలేదు పైడిరాజూ?"

"కామెంట్ రాశాను కదా మేడమ్" అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోయి.

రూపాంతరి మొట్టమొదట చేసే పని వ్యాఖ్యలను తీసెయ్యడం. అవి అర్థంలో భాగం కావు. ఆ నిర్ణయమూ ఆమెదే.

ఫోను పెట్టేసి ఆమె ప్రింటవుటులో ఆ పంక్తి దగ్గరికే తిరిగి వచ్చింది. సదాశివం అన్న మాటల్లో ఏది అతనిది? మొదట పుట్టినదా, రెండో ప్రశ్నకు మిగిలినదా? మొదటిదే నిజమనీ రెండోది మర్యాద అనీ ఆమె ఆ ఆదివారం నుంచి అనుకుంటూ, ఆ అనుకోవడంతోనే లోలోపల కుంగిపోతూ వచ్చింది. ఆ రెండు సెకన్లలోనూ అతను ఉన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. ఉప్పుడబ్బాను మధ్యలో ఎవరూ ముట్టుకోరన్నది ఆమె లెక్క. ఆ రెండు సెకన్లూ అతను అందులో చెయ్యి పెట్టి, చేదును ఏరి పక్కన పెట్టేవాడు. నాలుగేళ్లు, రోజుకు ఎన్నిసార్లో. తను గరిట పట్టుకుని విసుక్కున్నది ఆ పనిని చూసే.

మర్నాడు ఫర్జానా ఒక ఉపాయం చెప్పింది. "ఏ క్షణంలో అడిగామో కూడా ప్రశ్నలో భాగం చేసేద్దాం మేడమ్. అప్పుడు రెండూ వేరు వేరు ప్రశ్నలవుతాయి. రూపాంతరి కొట్టెయ్యదు."

"అప్పుడు ఏ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. ఇక అది దేన్ని కుదిస్తుంది? పందొమ్మిదేళ్ల కిందట ఆ దారి చూసే, కాలాన్ని గుమ్మం బయట నిలబెట్టాను."

"పోనీ ఎక్కడ కావాలో అక్కడ మాత్రమే. ఒక గుర్తు. 'మళ్ళీ' అని. ఆ గుర్తున్న ప్రశ్న జవాబు మారవచ్చని అర్థం. రూపాంతరి అక్కడ ఆగిపోతుంది."

"ఎక్కడ కావాలో ఎవరు చెబుతారు? పైడిరాజు మరిచిపోయి రెండుసార్లు రాసినదేదో, కావాలని రాసినదేదో యంత్రానికి తెలియదు. మనిషి కూర్చుని ప్రతి పంక్తీ చదవాలి. ఈ ఒక్క ప్రోగ్రామే కాదు, సమలోకి తిప్పిన ప్రతి పాత ప్రోగ్రామూ."

"చదివితే ఏళ్లు పడుతుంది మేడమ్."

"అవును."

ఫర్జానా గొంతు తగ్గించింది. "కమిటీ సమావేశం వచ్చే నెలే. అది అయ్యాక చెబితే? నలభై ఒక్కమంది సంగతి మనం విడిగా చూసుకోవచ్చు. ఎవరికీ తెలియదు."

ఆ మాట తనకూ తోచిందని, రాత్రంతా తోస్తూనే ఉందని కాత్యాయని చెప్పలేదు. రేపు ఈ భాషలోంచి గుండెకు అమర్చే పరికరాలు వస్తాయి, చూపుకు అమర్చేవి వస్తాయి. ప్రతిదానిలోనూ ఎవరో ఒక పైడిరాజు, ఎవరో ఒక సార్ అడిగారని, కారణం రాయకుండా ఏదో పెట్టి ఉంటాడు. తన భాష దాన్ని శుభ్రంగా తుడిచేస్తుంది. ఏమీ మారలేదని రుజువు కూడా చూపిస్తుంది.

ఆమె కమిటీకి రాసిన ఉత్తరం అరపేజీ. 'నా భాషకు పునాది అయిన సూత్రం మనుషుల విషయంలో చెల్లదు. దాన్ని సవరించే వరకు ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నాను.' పది రోజులకు జవాబు వచ్చింది. మరో భాషను పరిశీలనకు తీసుకున్నారట.

పంపే ముందు ఆ ఉత్తరాన్ని సదాశివానికి చూపించింది. అతను రెండుసార్లు చదివాడు. ఒకచోట కామా పెట్టాడు.

తరవాతి ఏడు నెలలూ పదకొండు వేల పంక్తులు చదవడంలో గడిచాయి. కొత్త బిళ్ళలు వెనక్కి తెప్పించి నలభై ఒక్కమందికీ మళ్ళీ పాతవే పెట్టారు. అవి ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. సదాశివంది ఆగస్టులోనే ఆగిపోయింది. ఇంటి బల్ల మీద ఎడమవైపు పైడిరాజు ప్రింటవుటు, కుడివైపు సమ ప్రతి పెట్టుకుని ఇద్దరూ కూర్చునేవారు. అతనికి ప్రోగ్రాములు తెలియవు. ముప్ఫై ఒక్క ఏళ్లూ తనకు తెలియని వైద్యం, న్యాయం, వ్యవసాయం పుస్తకాలు దిద్దినవాడు. అర్థం కాకపోవడం అతనికెన్నడూ అడ్డు కాలేదు. పైన వచ్చినది కింద మళ్ళీ వచ్చినచోట ఎడంచేత్తో ఎర్రపెన్సిలు గీత పెట్టేవాడు. ఆమె ఆ చోట ఆగి, ఎందుకు రెండుసార్లని ఆలోచించేది. కొన్ని మరుపులు. కొన్ని కారణాలు. పదిహేడు చోట్ల ఏదీ తేలలేదు. పైడిరాజుకూ గుర్తు లేదు. తేలని పదిహేడింటికీ 'మళ్ళీ' అని గుర్తు పెట్టి వదిలేసింది. కళ్లు మండేవి. ఇంత చిన్న పని ఇంత పెద్ద భాషను తినేసిందే అనిపించేది. ఒక్కోరోజు అది కూడా అనిపించేది కాదు.

ప్రోగ్రాము ఇప్పుడు తొమ్మిది వేల పంక్తులకు పైగా ఉంది. రూపాంతరి నాలుగు అడుగులు వేసి ఆగుతుంది, మనిషి కోసం చూస్తుంది. చూడ్డానికి మామూలు భాషే, మిగతావాటిలాంటిదే.

ఎర్రయ్యకు సవరించిన బిళ్ళ వెళ్లిన నాలుగో రోజున అప్పలనరసమ్మ ఫోను చేసింది. "కోడలొచ్చినాదమ్మా. పులుసొండింది. మా ఆయన మెడమీద పసుపు దీపం ఎలిగి ఆరిపోనాది. దానికి తెలిసిపోనాది అనుకో. అయినా సరే, వొడ్డించింది."

నవంబరులో ఒక ఉదయం సదాశివం వంతు వచ్చింది. కాత్యాయని ఇంట్లోనే బిళ్ళ అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదట ఏమైనా చిన్నమాట అడగాలనుకుంది, వాతావరణం గురించో పేపరు గురించో. కాని ఏప్రిల్ నుంచి నోటి దగ్గరే ఉన్నది ఒకటే.

"ఏమండీ, ఆ రోజు సంతకం పెట్టి తప్పు చేశానా?"

పసుపు దీపం వెలిగింది. ఏదో ఒక జవాబు అతనిలో లేచిందన్నమాట. ఆమె సెకన్లు లెక్కపెట్టలేదు. అతని ముఖం వంక చూసింది. ఆ ముఖంలో పని జరుగుతోంది.

దీపం ఆరిపోయింది. ఆకుపచ్చ రాలేదు.

మళ్ళీ పసుపు. మళ్ళీ ఆరిపోయింది.

వీధిలో పాలవాడి బండి ఆగి, కదిలి వెళ్లిపోయింది. మూడోసారి పసుపు దీపం వెలిగి, తన సమయం తను తీసుకుని ఆకుపచ్చగా మారింది.

"మూడో గుండీ మళ్ళీ వదులైంది" అన్నాడు సదాశివం.

కాత్యాయని సూదీ దారం తేవడానికి లేచింది. ఆ ప్రశ్న ఇంకోసారి అడగలేదు.